సర్వర్‌ను దూరం నుంచి కనిపెట్టి ఉండటం

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం, వృత్తి అనుభవాల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇరవై నిమిషాలు మాట్లాడాలని మన కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు, దేని గురించి అని అడిగాను. "నువ్వు రోజూ చేసే పని గురించే చెప్పు. అందరికీ అర్థమయ్యేలా చెప్పు. గొప్పలు మాత్రం చెప్పకు" అన్నారు. ఆ షరతు నాకు నచ్చింది. అందుకని నేను బాగా చేసిన పనిని పక్కనపెట్టి, చెడగొట్టిన పనిని ఒకదాన్ని ఎంచుకున్నాను. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు కాస్త పనికొచ్చే వివరాలు చెబుతాను. మిగతావాళ్ళు ఆ రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. చివరికి వచ్చేసరికి అది సాఫ్ట్‌వేర్ సంగతి కాదని మీకే తెలుస్తుంది.

నా పని జావా అప్లికేషన్ సర్వర్లను చూసుకోవడం. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు లక్షలమంది ఒకేసారి హాల్‌టికెట్ నంబరు కొడతారు కదా. బ్యాంకులో డబ్బు పంపుతారు, రైలు టికెట్ తీస్తారు. వీటి వెనక ఎక్కడో ఒక గదిలో కంప్యూటర్లు ఉంటాయి. వాటిమీద వచ్చినవాళ్ళందరినీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి పనీ చేసిపెట్టే ప్రోగ్రామును అప్లికేషన్ సర్వర్ అంటాం. టామ్‌క్యాట్, గ్లాస్‌ఫిష్, ఒకప్పటి జేబాస్ అలాంటివి. ఆ సర్వర్ కులాసాగా ఉందా, ఎక్కడైనా ఆయాసపడుతోందా అని కనిపెట్టి ఉండటమే మా ఉద్యోగం.

దానికి నాడి చూసే పద్ధతి ఒకటుంది. పేరు జేఎంఎక్స్. 2004లో జావా 5 వచ్చినప్పటినుంచి ఇది జావాలోనే భాగం, విడిగా కొనక్కర్లేదు. సర్వర్ లోపల జరిగే ప్రతి ముఖ్యమైన విషయానికీ ఒక చిన్న కిటికీ పెట్టి ఉంచుతుంది. ఆ కిటికీలను ఎంబీన్లు అంటారు. మెమరీ ఎంత వాడుతోంది, ఎన్ని థ్రెడ్లు పనిచేస్తున్నాయి, డేటాబేస్ కనెక్షన్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయి, ఇవన్నీ వాటిలోంచి కనిపిస్తాయి. జేకన్సోల్, విజువల్‌వీఎం లాంటి పనిముట్లు వాటిని గీతలుగా గీసి చూపిస్తాయి.

ఆ గీతలు చదవడం వస్తే ఎంత ఉపయోగమో ఒక్క ఉదాహరణ చెబుతాను. జావాలో వాడి పడేసిన మెమరీని ఊడ్చే పనివాడు ఒకడుంటాడు, గార్బేజ్ కలెక్టర్ అంటాం. వాడు ఊడ్చినప్పుడల్లా మెమరీ గీత కిందికి దిగుతుంది, మళ్ళీ పైకి పోతుంది. రంపం పళ్ళలా ఉంటుంది. అది మామూలే. కానీ దిగిన ప్రతిసారీ కిందటిసారి కన్నా కాస్త పైనే ఆగుతోందంటే, ఎక్కడో ఏదో అట్టేపెట్టుకుని వదలడం లేదని అర్థం. ఈరోజు బాగానే నడుస్తుంది, రేపూ నడుస్తుంది. ఎల్లుండి రద్దీ సమయంలో కుప్పకూలుతుంది. రెండు రోజుల ముందే ఆ గీత చూసినవాడు సర్వర్‌ను కాపాడగలడు. చూడనివాడు పడిపోయాక పరిగెత్తుతాడు.

ఇప్పుడు సమస్య ఏమిటంటే సర్వర్ ఒకచోట, మనం ఒకచోట. అది ముంబైలోనో అమెరికాలోనో ఉంటుంది. మనం అర్ధరాత్రి ఇంట్లో ఉంటాం. కాబట్టి దూరం నుంచి చూడాలి.

వ్యవసాయం చేస్తున్న మిత్రులకు ఇది కొత్త కాదు. మన చిన్నప్పుడు కరెంటు రాత్రి రెండింటికి వస్తే మన నాన్నలు టార్చిలైటు పట్టుకుని చేను గట్ల మీద నడుచుకుంటూ వెళ్ళి మోటారు వేసి వచ్చేవారు. పాములుండేవి, తడి చేతులకు షాకులు కొట్టేవి. ఇప్పుడు బోరు దగ్గర సిమ్ కార్డు ఉన్న మొబైల్ స్టార్టర్ పెట్టుకుని, మంచం మీంచే ఫోన్‌తో మోటారు వేస్తున్నారు. కరెంటు ఉందా లేదా, మోటారు తిరుగుతోందా లేదా అదే చెబుతుంది. మా పని కూడా సరిగ్గా అదే.

అయితే ఒక మాట ఆలోచించండి. ఆ స్టార్టర్‌లో మీ నంబరు నమోదు చేస్తారు. మీ ఫోన్ నుంచి వస్తేనే అది మాట వింటుంది. ఆ నమోదు తీసేసి, ఎవరు ఫోన్ చేసినా మోటారు తిరిగేలా పెట్టుకుంటారా? ఎవరూ పెట్టుకోరు. నేను పెట్టాను. ఆ సంగతి చెప్పడానికే వచ్చాను.

2018లో, నేను అప్పుడు పనిచేస్తున్న సంస్థలో ఒక శుక్రవారం సాయంత్రం కొత్త వెర్షన్ విడుదల చేశాం. సర్వర్ నెమ్మదించింది. మెమరీ గీత చూడాలి. నేను ఇంటికి వచ్చేశాను. జేఎంఎక్స్‌కు దూరం నుంచి తలుపు తెరవాలంటే ఒక పోర్టు నంబరు ఇవ్వాలి. అది ఇచ్చాను. సర్వర్ లేవనంది. పాస్‌వర్డ్ ఫైలు లేదంటుంది, సర్టిఫికెట్ లేదంటుంది. విసుగొచ్చింది. ఎక్కడో చూసిన రెండు లైన్లు పెట్టాను. ఒకటి, పాస్‌వర్డ్ అడగొద్దు. రెండోది, ఎన్‌క్రిప్షన్ వద్దు. వెంటనే పనిచేసింది. పక్కన "తాత్కాలికం, సోమవారం తీసేయాలి" అని నా చేత్తోనే రాసుకున్నాను.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పోర్టు తెరిస్తే, పాస్‌వర్డూ ఎన్‌క్రిప్షనూ రెండూ ఉండాలనే జావా మొదటినుంచీ పట్టుబడుతుంది. డిఫాల్టుగా తాళం వేసే ఉంటుంది. దాన్ని పని గట్టుకుని తీసేది మనమే.

తప్పు ఆ రాత్రే తెలిసింది కదా, ఎందుకు దిద్దుకోలేదని మీరు అడగొచ్చు. మెమరీ సమస్య దొరికింది, అందరూ మెచ్చుకున్నారు, సోమవారం వేరే పని వచ్చింది. పైగా బయట ఫైర్‌వాల్ ఉందిలే, లోపలివాళ్ళకు తప్ప ఎవరికీ ఆ పోర్టు కనబడదులే అనే ధీమా. అది కొంతవరకు నిజమే. కానీ ఆరు వారాల తర్వాత ఆ సర్వర్లను కొత్త నెట్‌వర్కులోకి మార్చారు. మార్చినవాళ్ళకు నా పోర్టు సంగతి తెలియదు, ఎందుకంటే నేను ఎవరికీ చెప్పలేదు. పాత గోడ పోయింది. కొత్త గోడలో ఆ కన్నం మూయలేదు.

ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్ళు వీధి వీధీ తిరిగి ప్రతి తలుపూ తోసి చూసే ప్రోగ్రాములు ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి మా తలుపు తోసింది. జేఎంఎక్స్‌లో చూడటమే కాదు, చేయించడం కూడా ఉంది. పాస్‌వర్డ్ లేని తలుపులోంచి వచ్చినవాడు, ఎంలెట్ అనే ఒక ఎంబీన్‌ను సృష్టించి, దాని ద్వారా తన దగ్గరున్న ప్రోగ్రామును మన సర్వర్‌లోకి దింపి నడిపించగలిగేవాడు. ఈ ప్రమాదం గురించి జావా అధికారిక పత్రాల్లోనే స్పష్టంగా హెచ్చరిక ఉంది. నేను చదవలేదు. మా సర్వర్ మీద ఎవరో క్రిప్టో కరెన్సీ తవ్వే ప్రోగ్రాము పెట్టారు. సోమవారం ఉదయం చూస్తే ప్రాసెసర్ నూటికి నూరు శాతం వాడకంలో ఉంది, మా ఖాతాదారుల పని మాత్రం ఏదీ కదలడం లేదు.

అసలు విషయం ఇప్పుడు వస్తుంది. ఆ సర్వర్‌లోకి మేమందరం ఒకే లాగిన్‌తో వెళ్ళేవాళ్ళం. కాబట్టి ఏ మార్పు ఎవరు చేశారో రికార్డు లేదు. ఆ ముందురోజు దాన్ని రీస్టార్ట్ చేసింది మాత్రం కాంట్రాక్టు మీద చేరి నాలుగు నెలలైన ఒక కుర్రాడు. సమావేశంలో వేలు అతని వైపు తిరిగింది. "నేను రీస్టార్ట్ ఒక్కటే చేశాను సార్" అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. సాయంత్రానికి అతని లాగిన్ ఆపేశారు, ల్యాప్‌టాప్ తీసుకున్నారు.

నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆ రెండు లైన్లు ఎవరివో నాకు తెలుసు. ఆ రోజు నోరు విప్పలేదు.

రాత్రి నిద్ర పట్టలేదు. మన బడిలో జరిగిన ఒక సంగతి గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతిలో సైన్సు ల్యాబులో బీకరు పగిలింది. పగలగొట్టింది నేను. మాస్టారు అడిగితే ఎవరూ పలకలేదు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. "పగిలిన గాజు ఎక్కడ పడిందో చెబితే చాలు. రేపు ఎవరి కాలికైనా గుచ్చుకుంటుంది" అన్నారు. నేను చెప్పాను. ఆ మాస్టారు ఇప్పుడు మొదటి వరసలో కూర్చున్నారు. ఆయనకు గుర్తుండకపోవచ్చు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి మా మేనేజరుకు చెప్పాను. ఆ ఏడాది నాకు ఇంక్రిమెంటు రాలేదు. అది న్యాయమే. ఆ కుర్రాణ్ణి వెనక్కి పిలిచారు. క్షమించమని అడిగితే, "మీరు నిన్ననే చెప్పి ఉంటే మా అమ్మకు ఫోన్ చేసి ఉద్యోగం పోయిందని చెప్పేవాణ్ణి కాదు సార్" అన్నాడు. నాకు పడిన శిక్ష ఇంక్రిమెంటు కాదు, ఆ మాట.

ఆ తర్వాత ఈ తలుపును ఎలా పెట్టాలో కూర్చుని నేర్చుకున్నాను. సాఫ్ట్‌వేర్ మిత్రులకు క్లుప్తంగా చెబుతాను.

మొదటిది, అసలు బయటికి తలుపు కావాలా అని అడగండి. చాలాసార్లు అక్కర్లేదు. జేఎంఎక్స్‌ను ఆ కంప్యూటర్ లోపలివాళ్ళకే కనబడేలా కట్టేసి, మనం ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ ద్వారా లోపలికి వెళ్ళి చూడొచ్చు. మన బడికి ఒకటే గేటు ఉండేది. ఎవరొచ్చినా గేటు దగ్గర పేరు చెప్పి, హెడ్మాస్టరుగారి గది మీంచే వెళ్ళాలి. తరగతి గదికొక వీధి తలుపు పెట్టలేదు. ఇదీ అంతే.

రెండోది, రెండు పోర్టుల చిక్కు. జేఎంఎక్స్ దూరం నుంచి మాట్లాడేది ఆర్‌ఎంఐ అనే పద్ధతిలో. మనం ఇచ్చే పోర్టు విచారణ కౌంటరు లాంటిది. అక్కడికి వెళ్తే "ఫలానా గదికి వెళ్ళు" అని ఇంకో పోర్టు చెబుతుంది. ఆ రెండో పోర్టు మనం నిర్ణయించకపోతే సర్వర్ లేచిన ప్రతిసారీ మారిపోతుంది. ఫైర్‌వాల్ చూసేవాళ్ళు ఏది తెరవాలో తెలియక, విసిగిపోయి, ఒక పెద్ద వరస మొత్తం తెరిచేస్తారు. ప్రమాదాలు చాలావరకు ఇలా విసుగులోంచే పుడతాయి. ఆ రెండో పోర్టును కూడా నిలిపి ఉంచే సెట్టింగు జావా 7 కాలంలో వచ్చింది. తప్పకుండా వాడండి. అలాగే సర్వర్ తన లోపలి చిరునామాను బయటివాళ్ళకు చెప్పి తికమక పెడుతుంది. టన్నెల్ వాడేటప్పుడు ఆ పేరును లోకల్‌హోస్ట్ అని పెట్టి, రెండు పక్కలా ఒకే పోర్టు నంబరు ఉంచండి. కనెక్ట్ కావడం లేదని భద్రత తీసేసేవాళ్ళలో చాలామందికి అసలు అడ్డం ఇదే.

మూడోది, పాస్‌వర్డ్. ఆ ఫైలును సర్వర్ నడిపే యూజర్ తప్ప ఇంకెవరూ చదవకూడదు. వేరేవాళ్ళకు అనుమతి ఉంటే జావా లేవనే లేవదు. అది మొండితనం కాదు, మన మేలు కోరే. జావా 10 నుంచి ఆ పాస్‌వర్డ్‌ను మామూలు అక్షరాల్లో ఉంచకుండా హ్యాష్‌గా మార్చి రాసుకునే ఏర్పాటు కూడా ఉంది.

నాలుగోది, చూసే హక్కు వేరు, చేసే హక్కు వేరు. యాక్సెస్ ఫైలులో రీడ్‌ఓన్లీ, రీడ్‌రైట్ అని రెండు రకాలుంటాయి. కనిపెట్టి ఉండేవాడికి రీడ్‌ఓన్లీ చాలు. వాడు అంకెలు చూడగలడు, కానీ ఏ పనీ చేయించలేడు. దీంతో థ్రెడ్ల పూర్తి వివరం లాంటివి కొన్ని దొరకవు. నిజంగా కావలసిన రోజున రెండో హక్కు ఉన్నవాడు వచ్చి తీసుకుంటాడు. మోటారు తిరుగుతోందా అని చూడటానికి మీ అబ్బాయికి ఫోన్ ఇవ్వండి. మోటారు వేసే నంబరు మీ దగ్గరే ఉంచుకోండి.

అయిదోది, టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్. అది లేకపోతే పాస్‌వర్డ్ దారిలో అందరికీ వినబడేలా అరిచి చెప్పినట్టే. సర్టిఫికెట్ చేసుకోవడం ఒక గంట పని. దాని గడువు తేదీ మాత్రం క్యాలెండర్‌లో రాసుకోండి. గడువు తీరిన రోజు మళ్ళీ "ప్రస్తుతానికి తీసేద్దాం" అనే బుద్ధి పుడుతుంది.

సర్వర్లు తయారుచేసేవాళ్ళు కూడా ఈ పాఠం నేర్చుకుంటూ వచ్చారు. గ్లాస్‌ఫిష్ తర్వాతి వెర్షన్లలో, దూరం నుంచి నిర్వహణ డిఫాల్టుగా మూసే ఉంటుంది. కావాలంటే సెక్యూర్ అడ్మిన్ ఆన్ చేసే ఆదేశం ఇవ్వాలి, సర్వర్‌ను మళ్ళీ లేపాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఖాళీగా ఉంటే ఒప్పుకోదు. తెరవాలంటే తాళంతోనే తెరవాలి, తాళం లేకుండా తెరిచే దారి ఇవ్వలేదు. అది మంచి నిర్మాణం.

అలా చేయనిచోట ఏమైందో కూడా ఉంది. జేబాస్‌లో జేఎంఎక్స్ కన్సోల్‌కు పాస్‌వర్డ్ పెట్టారు. కానీ ఆ కాపలా గెట్, పోస్ట్ అనే రెండు రకాల అభ్యర్థనలకే. హెడ్ అనే మూడో రకంగా వస్తే ఎవరూ అడగరు. ఇది 2010లో బయటపడింది. దిద్దుబాటు వచ్చింది. అయినా దిద్దుకోని సర్వర్ల మీద 2011లో ఒక వర్మ్ పాకింది. 2016లో సామ్‌సామ్ అనే రాన్సమ్‌వేర్ ముఠా పాచ్‌లు వేయని పాత జేబాస్ సర్వర్ల గుండానే అమెరికాలో ఆసుపత్రుల నెట్‌వర్కుల్లోకి చొరబడింది. సర్వర్ అంటే మనకు ఒక యంత్రం. అక్కడ మంచం మీదున్న రోగికి మాత్రం అది తన రిపోర్టు.

అదే 2016లో టామ్‌క్యాట్‌లో ఇంకో సంగతి తెలిసింది. ఆ రెండు పోర్టుల చిక్కు తీర్చడానికి టామ్‌క్యాట్‌వాళ్ళు ఒక లిజనర్ ఇచ్చారు. పాస్‌వర్డ్ సరైనదా కాదా చూడకముందే, పంపిన పాస్‌వర్డ్ పొట్లం విప్పే దశలోనే దాడి చేయవచ్చని తేలింది. జావాలో ఆ లోపాన్ని సరిచేసినా, ఈ లిజనర్‌ను సరిచేయడం ఆలస్యమైంది. అంటే పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. పోర్టు అవసరమైనవాళ్ళకే కనబడాలి, పాచ్‌లు ఎప్పటికప్పుడు వేయాలి. ఒక తాళం తప్పినా ఇంకోటి ఉండాలి.

చివరిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఎవరి లాగిన్ వారికి ఉండాలి, ఏ మార్పు ఎవరు ఎందుకు చేశారో రాసి ఉండాలి. దీన్ని జనం నేరస్థుణ్ణి పట్టుకునే సాధనమనుకుంటారు. నేనూ అనుకునేవాణ్ణి. ఆ రోజు మా దగ్గర అలాంటి రికార్డు ఉండి ఉంటే, తప్పు చేసిన నన్ను పట్టుకోవడం కన్నా ముందు, చేయని కుర్రాణ్ణి కాపాడేది. సంతకం పెట్టే రిజిస్టరు అందుకోసం.

పిల్లలకు ఒక మాట. మీరు ఏ పనిలోకి వెళ్ళినా ఎప్పుడో ఒక రాత్రి, ఇంటికి వెళ్ళే తొందరలో, "ప్రస్తుతానికి ఇలా కానిద్దాం" అంటారు. అందరమూ అంటాం. అన్న రోజే ఇంకొకరికి చెప్పండి. "నేను ఫలానా తలుపు తీశాను, నేను మరిచిపోతే నువ్వు గుర్తుచెయ్" అనండి. తాత్కాలికం అనే మాట పక్కన ఒక తేదీ, ఒక మనిషి పేరు రాసి ఉంటే అది తాత్కాలికం. లేకపోతే అది శాశ్వతమే. అప్పటికీ తప్పు జరిగితే, గాజు ఎక్కడ పడిందో వెంటనే చెప్పండి.

ఆ కుర్రాడు ఇప్పుడు వేరే సంస్థలో పెద్ద బాధ్యతలో ఉన్నాడు. కిందటేడు ఒక సందేహం మీద ఫోన్ చేశాడు. ఇరవై మంది పనిచేసే వాళ్ళ బృందంలో ఎవరైనా పోర్టు తెరిస్తే ఇద్దరు సంతకం పెట్టాలని నియమం పెట్టాడట. "ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు కదా సార్" అన్నాడు. అక్కర్లేదన్నాను.

మాస్టారూ, ఆ బీకరు పగలగొట్టినందుకు మీరు నా దగ్గర డబ్బులు కట్టించలేదు. సంఘం ఈ స్వర్ణోత్సవాల్లో సైన్సు ల్యాబును బాగుచేయిస్తోందని విన్నాను. ఆ బీకర్ల ఖర్చు నాది. ఇన్నేళ్ళ వడ్డీతో సహా.